పిల్లలతో స్పెయిన్ కొండ ఊళ్లో ఒక బడి సంవత్సరం: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ స్పెయిన్‌లో, సియెర్రా నెవాదా పర్వతాల దక్షిణపు వాలు మీద ఉన్న అల్పుహార్రా ప్రాంతంలో మేము పిల్లలతో సహా ఒక బడి సంవత్సరం గడిపి వచ్చాము. అప్పటి నుంచి హైదరాబాదు, విజయవాడల నుంచే కాక లండన్, డబ్లిన్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి కూడా ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే అన్నింటినీ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఇక్కడ ఇచ్చిన వీసా మొత్తాలు 2025 నాటివి. దరఖాస్తు చేసేటప్పుడు కాన్సులేటు చెప్పిన మొత్తాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. ఊరు, ఇల్లు, ప్రయాణపు నెల, ఈ మూడింటినీ పిల్లల బడిని బట్టే నిర్ణయించుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం కనుక జవాబులన్నీ ఆ దృష్టితోనే సాగుతాయి.

## నిర్ణయం తీసుకునే ముందు

స్పెయిన్‌లో అన్ని ఊళ్లుండగా అల్పుహార్రాయే ఎందుకు?

మూడు కారణాలున్నాయి. మొదటిది, ఇది సెలవుల్లో తెరిచి మిగతా కాలం తాళం వేసి ఉంచే ఊళ్ల ప్రాంతం కాదు. చాలా ఊళ్లలో ఏడాది పొడవునా జనం ఉంటారు, బడి నడుస్తుంది, కొట్టు తెరుస్తారు. రెండవది, గ్రనాదా నగరం నుంచి కారులో గంటన్నర దూరమే కనుక పోలీసు కార్యాలయం, పెద్ద ఆసుపత్రి, విదేశీ సరుకుల దుకాణం అందుబాటులో ఉంటాయి. మూడవది, పిల్లలకు చూపించడానికి ఇక్కడ చరిత్ర కళ్లెదుటే ఉంది. ఈ ఊళ్లు ముస్లిం పాలనా కాలంలో రూపుదిద్దుకున్నాయి. 1568లో మొదలైన మోరిస్కోల (బలవంతంగా క్రైస్తవంలోకి మార్చబడిన ముస్లింల) తిరుగుబాటును 1571 నాటికి అణచివేసి, వారిని ఇక్కడి నుంచి వెళ్లగొట్టి, ఉత్తర ప్రాంతాల నుంచి కుటుంబాలను తెచ్చి నిలిపారు. జనం మారినా బల్లపరుపు మట్టి కప్పుల ఇళ్లు మిగిలాయి, మంచు కరిగిన నీటిని పొలాలకు మళ్లించే అసేకియా కాలువలు మిగిలాయి. ఆ కాలువల్లో ఈనాటికీ నీళ్లు పారుతున్నాయి, వంతుల ప్రకారం రైతులు మడులు తడుపుకుంటున్నారు.

ఏ ఊరు ఎంచుకోవాలి? పైన ఉన్నదా, కింద ఉన్నదా?

ఫొటోల్లో అందరూ చూసేవి పొకేయిరా లోయలో ఒకదాని పైన ఒకటిగా ఉన్న పంపనేయిరా, బుబియోన్, కాపిలేయిరా. వీటిలో అన్నింటికంటే పైనున్న కాపిలేయిరా 1,400 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది. శీతాకాలంలో మంచు పడుతుంది. ఒక్కొక్క ఊళ్లో ఉండేది కొన్ని వందల మందే. వీటికి కింద, సుమారు 450 మీటర్ల ఎత్తులో ఉన్న ఓర్హివా ఈ ప్రాంతానికి సంత ఊరు. ఉన్నత పాఠశాల, ఆరోగ్య కేంద్రం, సూపర్ మార్కెట్లు, గురువారం సంత అక్కడ ఉన్నాయి. ఎన్నో దేశాల వారు స్థిరపడినందువల్ల కొత్త ముఖాలను ఎవరూ వింతగా చూడరు. పిల్లలు పన్నెండేళ్ల లోపు వారైతే పై ఊళ్లు, దాటితే ఓర్హివా అన్నది నా సలహా. పై ఊరి నుంచి హైస్కూలుకు బడి బస్సులో రోజూ మలుపుల దారిన దిగి ఎక్కడం పెద్ద పిల్లలకు విసుగు పుట్టిస్తుంది. ఏ ఊరైనా సరే, ఖరారు చేసే ముందు ఫిబ్రవరిలో అక్కడ ఎన్ని కొట్లు తెరిచి ఉంటాయో ఒక్క మాట అడగండి.

ఎప్పుడు వెళ్లి ఎప్పుడు తిరిగి రావాలి?

ఆగస్టు చివరి వారంలో చేరుకుని, జూన్ చివరి వారంలో తిరిగి రావడం ఉత్తమం. ఈ ఊళ్లున్న దక్షిణ రాష్ట్రం అందలూసియాలో ప్రాథమిక పాఠశాలలు సెప్టెంబరు రెండవ వారం ప్రాంతంలో తెరిచి జూన్ 20 దాటాక మూసేస్తారు. మన రాష్ట్రాల్లో బడులు జూన్ మధ్యలో తెరుస్తారు కనుక తిరిగి వచ్చిన పిల్లలు కోల్పోయేది రెండు మూడు వారాల చదువే. వెళ్లేటప్పుడు ఏప్రిల్ పరీక్షలు పూర్తి చేసుకుని, మధ్యలో దొరికే నాలుగు నెలలను వీసా కాగితాలకు, కొంత స్పానిష్ నేర్చుకోవడానికి వాడుకోవచ్చు.

పిల్లల వయసు ఎంత ఉంటే బాగుంటుంది?

ఆరు నుంచి పది మధ్య. ఆ వయసులో ఆటతోనే భాష వస్తుంది. పదో తరగతికి దగ్గరైన పిల్లలను ఏడాది పాటు తీసుకువెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

## వీసా, కాగితాలు

టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడే పొడిగించుకోవచ్చా?

సాధారణంగా కుదరదు. ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఒకటిగా చెల్లే షెంగెన్ వీసాతో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండగలరు. ఆ లెక్క స్పెయిన్‌కు మాత్రమే కాదు, షెంగెన్ దేశాలన్నింటికీ కలిపి వర్తిస్తుంది. బ్రిటన్, అమెరికా పౌరసత్వం ఉన్న తెలుగువారికి వీసా అక్కర్లేకపోయినా 90 రోజుల హద్దు వారికీ ఉంది. 2025 అక్టోబరు 12 నుంచి ప్రవేశ, నిష్క్రమణలను కంప్యూటరులో నమోదు చేసే పద్ధతి మొదలైనందున రోజుల లెక్కలో పొరపాటు దాగదు. ఐర్లాండ్, జర్మనీ వంటి ఐరోపా సమాఖ్య దేశాల పౌరసత్వం ఉన్నవారికి వీసా బెడద లేదు. మూడు నెలలు దాటి ఉండదలిస్తే నివాసిగా నమోదు చేసుకుంటే చాలు.

ఏడాది ఉండాలంటే ఏ వీసా, ఎంత డబ్బు చూపించాలి?

కుటుంబాలు ఎక్కువగా వాడేవి రెండు. ఉద్యోగం చేయకుండా సొంత డబ్బుతో ఉండేవారికి ఇచ్చే వీసా మొదటిది. దీనికి స్పెయిన్ ప్రభుత్వం ఐపీఆర్ఈఎం అనే ఆదాయ సూచికను కొలమానంగా తీసుకుంటుంది. 2025లో అది నెలకు 600 యూరోలు. ప్రధాన దరఖాస్తుదారు దానికి నాలుగు రెట్లు, అంటే ఏడాదికి 28,800 యూరోలు, వెంట వచ్చే ఒక్కొక్కరికి 7,200 యూరోల చొప్పున చూపించాలి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిస్తే 50,400 యూరోలు. ఈ వీసా మీద ఉంటూ హైదరాబాదు ఆఫీసుకు ఆన్‌లైన్‌లో పని చేస్తామంటే కాన్సులేట్లు ఒప్పుకోవు.

రెండవది డిజిటల్ నోమాడ్ వీసా. 2022 నాటి స్టార్టప్ చట్టంతో వచ్చిన ఈ వీసా విదేశీ సంస్థలకు దూరం నుంచి పని చేసేవారి కోసం ఉద్దేశించినది. స్పెయిన్ కనీస వేతనానికి రెట్టింపు ఆదాయం ఉండాలి. కుటుంబ సభ్యుల్లో మొదటి వారికి కనీస వేతనంలో 75 శాతం, తరువాత ఒక్కొక్కరికి 25 శాతం కలుపుతారు. డిగ్రీ గాని, మూడేళ్ల అనుభవం గాని అడుగుతారు. భారతదేశంలోని సంస్థలో జీతానికి పనిచేస్తున్నవారు సోషల్ సెక్యూరిటీ (సామాజిక భద్రత చందా ఏ దేశంలో కట్టాలన్న) నిబంధన దగ్గర చిక్కుకునే అవకాశం ఉంది కనుక ఉద్యోగానికి సెలవు పెట్టే ముందే ఆ ఒక్క విషయం న్యాయవాదితో తేల్చుకోవాలి.

ఏయే కాగితాలకు అపోస్టిల్ చేయించాలి?

పిల్లల జనన ధ్రువపత్రాలు, వివాహ ధ్రువపత్రం, పెద్దల పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్. వీటికి విదేశాంగ శాఖ అపోస్టిల్ (పత్రం అసలైనదేనని ఇతర దేశాలకు ధ్రువీకరించే ముద్ర) పొందిన తరువాతే స్పెయిన్ గుర్తించిన అధికారిక అనువాదకుల చేత స్పానిష్‌లోకి చేయించాలి. ఈ వరుస తప్పితే అనువాదం మళ్లీ చేయించుకోవలసి వస్తుంది. వైద్య ధ్రువపత్రం, స్పెయిన్‌లో పనిచేసే సంస్థ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా ఉండాలి. చికిత్స సమయంలో మన వాటా చెల్లించే షరతు ఉన్న బీమాను తిప్పి పంపుతారు. మన ధ్రువపత్రాల్లో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, మరొకచోట పొడి అక్షరంగా ఉండటం తెలుగువారికి ప్రత్యేకమైన తలనొప్పి. పాస్‌పోర్టులో ఎలా ఉందో అన్నింటిలో అలాగే ఉండేలా అపోస్టిల్‌కు ముందే సరిచేయించండి.

దిగిన తరువాత మొదటి నెలలో ఏం చేయాలి?

ముందుగా పంచాయతీ కార్యాలయానికి, అంటే అక్కడి అయుంతమియెంతోకు వెళ్లి పద్రోన్ అనే నివాసుల జాబితాలో ఇంటిల్లిపాదీ పేర్లు నమోదు చేయించాలి. అద్దె ఒప్పందం, పాస్‌పోర్టులు చాలు. చిన్న ఊళ్లో అరగంట పని. బడి, ఆరోగ్య కేంద్రం, తరువాతి కాగితాలు అన్నీ ఈ పద్రోన్ పత్రాన్నే అడుగుతాయి. దీర్ఘకాలిక వీసా ఉన్నవారు దేశంలో అడుగుపెట్టిన నెలలోగా విదేశీయుల గుర్తింపు కార్డుకు కూడా దరఖాస్తు చేయాలి. అందుకు పిల్లలతో సహా పోలీసు కార్యాలయానికి వెళ్లాలి. ముందస్తు సమయం దొరకడమే కష్టం. ఉదయాన్నే వెబ్‌సైటు ముందు కూర్చుని పదే పదే ప్రయత్నించడం అక్కడి వారికీ తప్పదు.

అక్కడ పన్ను కట్టాలా?

ఒక క్యాలెండరు సంవత్సరంలో 183 రోజులకు మించి ఉంటే స్పెయిన్ పన్ను నివాసిగా లెక్కిస్తారు. బడి సంవత్సరం రెండు క్యాలెండరు సంవత్సరాల మీద పడుతుంది కనుక ఆగస్టు చివర వెళ్లి జూన్ ఆఖరుకు వచ్చేవారు ఏ ఒక్క సంవత్సరంలోనూ ఆ హద్దు దాటరు. అయితే రోజులే కాక ఆదాయ మూలం ఎక్కడ ఉంది, భార్యాపిల్లలు ఎక్కడ ఉంటున్నారు అన్నవి కూడా చూస్తారు. సంపాదన కొనసాగుతున్నవారు పన్నుల నిపుణుడిని సంప్రదించడం మంచిది.

## ఇల్లు, దారి

నెలల తరబడి ఉండటానికి ఇల్లు ఎలా దొరుకుతుంది?

ఇంటర్నెట్‌లో కనిపించేవన్నీ రోజువారీ అద్దె ఇళ్లే. నెలల అద్దెకిచ్చే ఇళ్లు చాలావరకు నోటి మాట మీదే దొరుకుతాయి. మొదటి రెండు వారాలకు ఏదో ఒక గది తీసుకుని, బేకరీలోనూ కాఫీ కొట్టులోనూ బడి గేటు దగ్గరా అడగడమే పద్ధతి. బడిలో పిల్లల సంఖ్య తగ్గితే ఉపాధ్యాయుల సంఖ్య కూడా తగ్గిపోతుంది కనుక బడి ఈడు పిల్లలున్న కుటుంబం వచ్చిందంటే ఊరు ఊరంతా ఇల్లు వెతికి పెడుతుంది. కొందరు యజమానులు జూలై, ఆగస్టుల్లో పర్యాటకుల కోసం ఇల్లు ఖాళీ చేయమంటారు. బడి సంవత్సరం లెక్కన ఉండేవారికి అది అడ్డు కాదు. తాత్కాలిక నివాస ఒప్పందానికి రెండు నెలల అద్దె డిపాజిట్టుగా తీసుకోవడం చట్టబద్ధమే. ఆ చిరునామాతో పద్రోన్‌లో నమోదు చేసుకోనిస్తారా లేదా అన్నది సంతకానికి ముందే అడగాలి.

శీతాకాలంలో ఆ రాతి ఇళ్లలో పిల్లలు తట్టుకోగలరా?

తట్టుకోగలరు, కాని ఏర్పాట్లు ముందే చూసుకోవాలి. దక్షిణ స్పెయిన్ అనగానే ఎండలు తలచుకుని పలుచని బట్టలతో వచ్చేవారు నవంబరులో బెంబేలెత్తిపోతారు. గోడలు మందపాటి రాయి. చెస్ట్‌నట్ దూలాల మీద పలకరాళ్లు పరిచి, లౌనా అనే బూడిదరంగు మట్టిని కప్పుగా దట్టిస్తారు. వేసవిలో చల్లగా ఉండే ఆ ఇల్లే శీతాకాలంలో, బయట ఎండ కాస్తున్నా లోపల వణికిస్తుంది. ఇల్లు చూసేటప్పుడు మూడు విషయాలు గమనించాలి: దక్షిణం వైపు కిటికీ ఉందా, పొయ్యి తలుపున్న ఇనుప స్టవ్వా లేక వేడంతా చిమ్నీలోకి పోయే తెరిచిన పొయ్యా, పిల్లలు పడుకునే గది దానికి ఎంత దూరం. కట్టెలు అక్టోబరులోనే కొనాలి. డిసెంబరులో దొరికేవి పచ్చివి, పొగ తప్ప వేడి రాదు. వంటకు, నీళ్ల వేడికి నారింజ రంగు గ్యాస్ సిలిండరు వాడతారు. వీధులు మెట్ల దారులు కనుక లారీ నుంచి ఇంటి దాకా దానిని మోసుకురావలసింది మీరే. మరొక సంగతి: ఇంటికి తీసుకున్న విద్యుత్ సామర్థ్యం తక్కువైతే హీటరు, కెటిల్ ఒకేసారి వేయగానే కరెంటు పోతుంది.

కారు తప్పనిసరా? మన లైసెన్సు చెల్లుతుందా?

గ్రనాదా నుంచి పై ఊళ్లకు రోజుకు కొన్ని బస్సులున్నాయి, వాటితోనే నెట్టుకొచ్చే కుటుంబాలూ ఉన్నాయి. అయినా పిల్లలకు జ్వరం వచ్చిన రాత్రి కారు ఉంటే ధైర్యం. భారతీయ లైసెన్సుతో పాటు అంతర్జాతీయ పర్మిట్ ఉంటే, నివాసం పొందిన నాటి నుంచి ఆరు నెలలే నడపవచ్చు. మన లైసెన్సును స్పెయిన్ లైసెన్సుగా మార్చుకునే ఒప్పందం లేదు. ఆ తరువాత రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రాయవలసిందే. 135 సెంటీమీటర్ల ఎత్తులోపు పిల్లలు వెనుక సీటులో, వారి ఎత్తుకు తగిన పిల్లల సీటులో కూర్చోవాలి. ఓర్హివా నుంచి పైకి వెళ్లే దారంతా మలుపులే కనుక వాంతి సంచులు దగ్గర పెట్టుకోండి.

హైదరాబాదు ఆఫీసు వేళలకు అక్కడ నుంచి పని చేయగలమా?

తగిన వీసా ఉంటే చేయవచ్చు. భారత కాలమానానికి స్పెయిన్ శీతాకాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనుక ఉంటుంది. ఇక్కడ ఉదయం 9:30 మీటింగు అక్కడ జనవరిలో తెల్లవారుజాము 5 గంటలకు పడుతుంది. దానికి ప్రతిఫలంగా పిల్లలు బడి నుంచి వచ్చే మధ్యాహ్నం 2 గంటలకు మీ పని దాదాపు ముగుస్తుంది. చాలా ఊళ్లకు ఫైబర్ ఇంటర్నెట్ వచ్చింది. రాతి గోడలు వైఫైని అడ్డుకుంటాయి కనుక రౌటరు ఉన్న గదిలోనే బల్ల వేసుకోవాలి.

## బడి

స్పానిష్ ఒక్క ముక్క రాని పిల్లలను చేర్చుకుంటారా?

చేర్చుకుంటారు. ఆరు నుంచి పదహారేళ్ల వరకు చదువు తప్పనిసరి, ఉచితం. విదేశీ పిల్లలకూ ఆ హక్కు చట్టంలో ఉంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు తప్పనిసరి కాకపోయినా ప్రభుత్వ బడుల్లో ఉచితమే. సాధారణ ప్రవేశాల దరఖాస్తులు మార్చిలో తీసుకుంటారు, కాని మధ్యలో ఊళ్లోకి వచ్చిన కుటుంబాలకు ఏడాది పొడవునా చోటిస్తారు. తరగతిని పుట్టిన క్యాలెండరు సంవత్సరాన్ని బట్టి నిర్ణయిస్తారు కనుక మన దగ్గరి తరగతితో ఒక ఏడాది తేడా రావచ్చు. కొత్తగా వచ్చిన పిల్లలకు స్పానిష్ నేర్పే ప్రత్యేక ఉపాధ్యాయులు అందలూసియాలో ఉన్నారు. చిన్న ఊళ్ల మధ్య తిరుగుతూ వారంలో కొన్ని గంటలు వస్తారు.

ఒకే గదిలో రెండు మూడు తరగతులట కదా, చదువు దెబ్బతినదా?

ఏకోపాధ్యాయ పాఠశాలలను తలచుకుని చాలామంది భయపడే విషయమిది. ఇక్కడి గ్రామీణ బడుల్లో వేర్వేరు ఊళ్ల గదులు ఒకే బడిగా నడుస్తాయి. సంగీతం, ఇంగ్లీషు, వ్యాయామం చెప్పేవారు ఒక ఊరి నుంచి మరొక ఊరికి తిరుగుతారు. ఒక గదిలో పది పన్నెండు మంది. టీచరు మూడో తరగతికి భాగహారం చెబుతుండగా రెండో తరగతి పిల్ల అది విని ముందే నేర్చుకుంటుంది. ఐదో తరగతి పిల్లవాడు కొత్తగా వచ్చిన తెలుగు పిల్లవాడి పక్కన కూర్చుని బొమ్మల కార్డులు ఒక్కొక్కటీ పైకెత్తి పేర్లు పలికిస్తాడు. భాష రాని పిల్లలకు ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదనే నేను అంటాను. లెక్కల్లో మాత్రం మన సిలబస్ ముందుంటుంది. తిరిగి వచ్చాక ఇబ్బంది లేకుండా సాయంత్రం అరగంట ఇంట్లో చెప్పుకోవాలి.

ఎన్నాళ్లకు భాష వస్తుంది?

ఆటల్లో పడిన పిల్లలు శీతాకాలపు సెలవుల నాటికి అర్థం చేసుకుంటారు, వసంతానికి వాదించడం మొదలుపెడతారు. తెలుగు మాట్లాడే పిల్లలకు ఒక మేలుంది: స్పానిష్ త, ద శబ్దాలు మన పళ్ల మీది త, దలే, అచ్చులు కూడా స్పష్టంగా పలుకుతారు. మౌనంగా ఉండే మొదటి రెండు నెలలను చూసి కంగారు పడవద్దు. పెద్దలకు ఇబ్బంది మరొకటి. అందలూసియా యాసలో మాటల చివరి స కారం మాయమవుతుంది కనుక యాప్‌లో నేర్చుకున్న స్పానిష్ మొదట్లో అక్కరకు రానట్టే అనిపిస్తుంది.

బడికి పంపకుండా ఇంట్లోనే ఆన్‌లైన్ చదువు చెప్పించవచ్చా?

స్పెయిన్ చట్టం ఇంటి చదువును గుర్తించదు. 2010లో రాజ్యాంగ న్యాయస్థానం కూడా అదే చెప్పింది. చట్టం సంగతి అలా ఉంచినా, చిన్న ఊళ్లో పిల్లలకు స్నేహితులు దొరికే చోటు బడి ఒక్కటే.

మతం క్లాసు ఉంటుందట, మా పిల్లలు కూర్చోవాలా?

అక్కర్లేదు. చేర్పించేటప్పుడు ఇచ్చే ఫారంలో దాని బదులు మరో పీరియడ్ ఎంచుకోవచ్చు.

## తిండి, ఊరి జీవితం

మేము శాకాహారులం. అక్కడ ఏం తింటాం?

ఇంట్లో ఏ లోటూ ఉండదు, హోటల్లో జాగ్రత్త పడాలి. అల్పుహార్రా అంటేనే త్రెవేలెస్ ఊరి ఎండు పంది మాంసానికి పేరు. మాంసం వద్దంటే కూడా చిన్న ముక్కలుగా తరిగిన హామ్, లేదా ట్యూనా వేసి తెస్తారు. వారి లెక్కలో అవి మాంసం కిందికి రావు. కాబట్టి మాంసం, హామ్, చేప, మూడు పేర్లూ విడివిడిగా చెప్పి వద్దనాలి. బంగాళాదుంపలను ఉల్లి, క్యాప్సికంతో ఆలివ్ నూనెలో మగ్గించిన కూర, చెరకు పానకం పోసిన వంకాయ వేపుడు, బాదం, వెల్లుల్లితో చేసే చల్లని తెల్ల సూప్ నిశ్చింతగా తినవచ్చు. గోధుమ రవ్వతో చేసే మిగాస్ చూడగానే మన పిల్లలు ఉప్మా అనేస్తారు, కాని పక్కన సాసేజ్ ముక్కలు వస్తాయి.

కందిపప్పు, చింతపండు, కారం దొరుకుతాయా?

ఊళ్లో దొరకవు. మసూరు రకాలు, శనగలు, పొడవు బియ్యం, పెరుగు ఓర్హివా సూపర్ మార్కెట్లలో ఉంటాయి. కందిపప్పు, చింతపండు, ఇంగువ కోసం గ్రనాదా లేదా మాలగాలోని ఆసియా దుకాణాలకు నెలకోసారి వెళ్లాలి. అక్కడ అమ్మే ఎర్ర పొడి చాలావరకు తియ్యని మిరప. కారం ఇంటి నుంచే తీసుకువెళ్లండి. పాలు, మాంసం కలిసిన పదార్థాలను ఐరోపా విమానాశ్రయాల్లో అనుమతించరు కనుక నెయ్యి సర్దవద్దు. అక్కడి వెన్న కాచుకుంటే సరిపోతుంది. రొట్టెల బండి, చేపల బండి హారన్ మోగించుకుంటూ వస్తాయి; ఆ మోత వినగానే సంచితో బయటికి వెళ్లడం పిల్లలకు అప్పగిస్తే స్పానిష్‌లో చిల్లర లెక్క వారం రోజుల్లో వస్తుంది.

మధ్యాహ్నం కొట్లు మూసేస్తారు, రాత్రి 9కి భోజనం. పిల్లల నిద్ర ఎలా?

బడి ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు. పదకొండున్నర ప్రాంతంలో విరామంలో తినడానికి ఏదైనా పెట్టి పంపి, రెండున్నరకు అసలు భోజనం పెట్టండి. 5 దాకా ఊరంతా నిశ్శబ్దం. ఆ వేళ తలుపు తట్టడం మర్యాద కాదు. శీతాకాలంలో మన వేళలకే పడుకోబెట్టవచ్చు, మే నెల నుంచి మాత్రం పదింటికి కూడా ఊరి చావడి నిండా పిల్లలే ఉంటారు, మీ పిల్లలనొక్కరినీ లోపలికి పిలవలేరు.

పండుగల్లో మనం పాల్గొనవచ్చా?

తప్పక పాల్గొనవచ్చు. జనవరి 5 సాయంత్రం, బాల యేసును చూడవచ్చిన ముగ్గురు రాజుల ఊరేగింపులో మిఠాయిలు విసురుతారు, పిల్లలకు కానుకలు 6న. సెప్టెంబరు మధ్యలో వాలోర్ ఊళ్లో మూర్లు (ఒకప్పటి ఇక్కడి ముస్లింలు), క్రైస్తవుల యుద్ధ నాటకం వీధుల్లోనే జరుగుతుంది. జూన్ 23 అర్ధరాత్రి లన్హారోన్‌లో ఊరు ఊరంతా ఒకరి మీద ఒకరు నీళ్లు పోసుకుంటారు. ఫోను ఇంట్లో వదిలి వెళ్లాలి.

## ఆరోగ్యం, జాగ్రత్తలు

ఊళ్లో డాక్టరు ఉంటారా?

పై ఊళ్లలోని చిన్న వైద్యశాలకు డాక్టరు నిర్ణీత రోజుల్లో వస్తారు. మిగతా వేళల్లో ఓర్హివా ఆరోగ్య కేంద్రం, పెద్ద చికిత్సలకు మోత్రిల్ లేదా గ్రనాదా. అత్యవసరానికి దేశమంతటా 112. టీకాలు చట్టరీత్యా తప్పనిసరి కాకపోయినా నర్సు కార్డు అడుగుతారు. అనువాదం చేయించి తీసుకువెళితే తక్కువైనవి వేస్తారు.

పిల్లలను వీధిలో ఒంటరిగా వదలవచ్చా?

వదలవచ్చు, ఊరంతా కనిపెట్టి ఉంటుంది. కాని మూడు విషయాలు మొదటి రోజే చూపించి చెప్పండి. వాలు మీది ఊళ్లు కనుక పై వీధికి సమంగా కింది ఇంటి బల్లపరుపు కప్పు ఉంటుంది. అడ్డు గోడ ఉండదు, పిల్లలు వీధి అనుకుని దాని మీదికి పరుగెత్తుతారు. అసేకియా కాలువల పక్క దారి చదునుగానే ఉన్నా ఒక వైపు లోయ. చలికాలం చివర నుంచి వసంతం దాకా పైన్ చెట్ల నుంచి గొంగళి పురుగులు ఒకదాని వెనుక ఒకటి బారుగా దిగి నేల మీద నడుస్తాయి; చూడ ముచ్చటగా ఉంటాయి, కాని వాటి నూగు తగిలితే చర్మం, కళ్లు వాచిపోతాయి. ముట్టుకోవద్దనడమే కాదు, పుల్లతో కూడా కదిలించవద్దని చెప్పాలి.

## తిరిగి వచ్చేటప్పుడు

మన బడిలో మళ్లీ చేర్చుకుంటారా? ఏ కాగితాలు తేవాలి?

వెళ్లే ముందే ప్రిన్సిపాలుతో మాట్లాడి, సీటు నిలుపుతారో లేదో రాతపూర్వకంగా తీసుకోవడం మేలు. రాష్ట్ర బోర్డు, సీబీఎస్ఈ బడులు రెండూ టీసీకి సమానమైన పత్రం అడుగుతాయి కనుక స్పెయిన్ బడి నుంచి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ తరగతి చదివారో తెలిపే ధ్రువపత్రం, మార్కుల నివేదిక తెచ్చుకోవాలి. వాటికి స్పెయిన్‌లోనే అపోస్టిల్ చేయించి, ఇంగ్లీషు అనువాదం జత చేయాలి. జూన్ చివరి నుంచి బడి ఆఫీసులు దాదాపు ఖాళీ. జూలైలో ఫోను ఎత్తేవారు ఉండరు. కనుక మే నెలలోనే అడిగి, బడి మూసే రోజున సంతకం, ముద్ర పడిన అసలు పత్రాన్ని చేతికి తీసుకోండి. అయుంతమియెంతోలో ఊరు విడిచి వెళ్తున్నట్టు తెలపడం, విద్యుత్ ఒప్పందం మీ పేరున ఉంటే రద్దు చేయడం, డిపాజిట్టు బ్యాంకులో పడ్డాకే ఖాతా మూయడం, ఈ పనులన్నీ అదే వారంలో పెట్టుకోవాలి.